పరీక్ష తప్పిన చెయ్యి

ఇన్‌స్పెక్టరుకు పింగాణీ కప్పులో టీ తెచ్చారు. నాకు కాగితం గ్లాసులో ఇచ్చారు. పదిహేనేళ్ళ పిల్ల మీద చావు కేసు పడిన గదిలో కూర్చుని నేను ముందు గమనించింది ఆ కప్పునే. నా బుద్ధి అలాంటిది, దాచి లాభం లేదు.

ఒకప్పుడు అతను నా కింద పనిచేశాడు. పంచనామా రాయడం, వేలిముద్రలు చెడకుండా గ్లాసు ఎత్తడం నేనే నేర్పాను. తర్వాత నేను ఉద్యోగం వదిలి సొంతంగా డిటెక్టివ్ బోర్డు పెట్టుకున్నాను. అతను వరసగా మూడు పతకాలు పుచ్చుకున్నాడు. పేపర్లో అతని ఫొటో పడిన రోజు నాకు అన్నం సహించదు.

"కేసు నన్ను చెప్పమంటారా, మీరే చదువుకుంటారా మేడమ్?" అన్నాడు ఫైలు నా వైపు జరుపుతూ. పక్కన ఎవరూ లేకపోతే అక్కా అంటాడు. నలుగురిలో మేడమ్.

"చెప్పు... చెప్పండి."

చెప్పాడు. సరస్సు మీద సరదాగా తిరగడానికి మోటారు బోట్లు అద్దెకిచ్చే క్లబ్బు ఇది. బోటు నడపడం కూడా నేర్పుతారు. నేర్పే ట్రైనరు నిన్న పొద్దున్న అయిదూ యాభైకి చిన్న తెడ్డు పడవలో ఒంటరిగా నీళ్ళలోకి వెళ్ళాడు. ఆ వారం జరిగే సర్టిఫికెట్ పరీక్ష కోసం నీళ్ళ మీద గుర్తు బంతులు కట్టాలి. ఆరూ అయిదుకి పెద్ద చప్పుడు వినిపించిందని వాచ్‌మన్ చెప్పాడు. ఆరూ ఇరవైకి ఏడో నంబరు మోటారు బోటు ఒడ్డున తుంగలో దొరికింది. ఆరూ నలభై అయిదుకి ట్రైనరు శవం దొరికింది.

"ఏడో నంబరులో ఎవరున్నారు? ఈ పిల్ల. సేఫ్టీ తాడు ఎవరి చేతికుంది? ఈ పిల్ల చేతికే. పదహారేళ్ళు నిండితే గానీ ఒంటరిగా మోటారు బోటు నడపకూడదు. నిండినా సర్టిఫికెట్ ఉండాలి. ఈ పిల్లకి వయసూ లేదు, సర్టిఫికెట్టూ లేదు. దొంగచాటుగా ప్రాక్టీసుకు తీసింది, మంచులో పడవ కనపడలేదు, గుద్దింది. తాళాలు అందేచోట పెట్టినందుకు తండ్రిని లోపల వేశాను. ఇంకా ఏం కావాలి?"

పిల్ల గోడవార బెంచీ మీద ముడుచుకుని కూర్చుంది. నేల మీదకన్నా నీళ్ళలోనే ఎక్కువ ఉంటుందని ఇంట్లోవాళ్ళు బాతు అని పిలుస్తారు. ఇప్పుడా బాతు ముఖంలో నెత్తురు చుక్క లేదు. పక్కన ఆమె మేనత్త, క్లబ్బు మేనేజరు. నెరిసిన జుట్టు, నడుముకి తాళాల గుత్తి, గదిలోకి వస్తే పనివాళ్ళంతా లేచి నిలబడే మనిషి. నిన్న సాయంత్రం నా ఇంటికొచ్చి, మా పిల్లని కాపాడండని నన్ను పెట్టుకున్నది ఈవిడే.

"ఎన్నింటికి లేచావమ్మా?" అని అడిగాను పిల్లని.

"అయిదున్నరకి. ఒడ్డున కూర్చుని పుస్తకం చదువుకుంటున్నాను. సర్టిఫికెట్ పుస్తకం. ఇంకో పదకొండు రోజుల్లో నాకు పదహారు నిండుతాయండీ. నిండిన మర్నాడే నా ఒక్కదానికీ విడిగా పరీక్ష పెడతానన్నారు సార్."

"తర్వాత?"

"బోటు చప్పుడు వినిపించింది. మంచులోంచి వచ్చి తుంగలోకి దూరిపోయింది. అందులో ఎవరూ లేరు. ఇంజను ఆడుతూనే ఉంది. కింద రెక్కలు తిరుగుతున్నాయి, ఎవరికైనా తగుల్తాయని ఎక్కి ఆపేశాను."

"ఆపడానికి తాడు చేతికి కట్టుకోవడం ఎందుకు?"

అన్నం తినేముందు చెయ్యి ఎందుకు కడుక్కున్నావని అడిగినట్టు చూసింది నన్ను. "స్టీరింగు ముట్టుకోవాలంటే ముందు తాడు కట్టుకోవాలి కదండీ. ఎడమ మణికట్టుకి. లేకపోతే సార్ ఊరుకో..." అని ఆగిపోయింది. ఊరుకోకపోవడానికి సార్ లేడని అప్పుడు గుర్తొచ్చింది కాబోలు, గుక్కపట్టి ఏడ్చింది.

ఆ తాడు సంగతి తెలియనివాళ్ళకి ఒక మాట. దాని ఒక కొసన చిన్న బిళ్ళ ఉంటుంది, అది స్టీరింగు పక్క స్విచ్చిలో పెడితేనే ఇంజను ఆడుతుంది. రెండో కొసన కొక్కెం ఉంటుంది, అది నడిపే మనిషి మణికట్టుకి. మనిషి నీళ్ళలో పడితే తాడు లాగుతుంది, బిళ్ళ ఊడుతుంది, ఇంజను చచ్చిపోతుంది. పడ్డ మనిషి మీదికి బోటు తిరిగి రాదు. మరి మనిషి లేని బోటులో ఇంజను ఆడుతోందంటే రెండో కొస మణికట్టుకి కాక ఇంకెక్కడో ఉండి ఉండాలి.

"నువ్వు ఎక్కేసరికి ఆ కొస ఎక్కడుంది?"

"దేన్నుంచో తీశానండీ. బిగుసుకుపోయింది, గట్టిగా లాగితే వచ్చింది. దేన్నుంచో గుర్తు రావడం లేదు."

"భయంలో ఏం గుర్తుంటుంది, వదిలెయ్యండి పాపం," అంటూ మేనత్త పిల్ల తల నిమిరింది.

"వదిలేద్దాం. కోర్టులో అడుగుతారు," అని ఇన్‌స్పెక్టరు లేచాడు. "పిల్లని మీ పూచీ మీద ఇంటికి పంపుతున్నానమ్మా. కేసు తేలేదాకా నీళ్ళ దగ్గరికి మాత్రం రానివ్వకండి." తర్వాత వరండాలో నా పక్కకొచ్చి గొంతు తగ్గించాడు. "అక్కా, ఈసారికి వదిలెయ్. ఇందులో నీకు పేరు రాదు."

ఆ మాట నాకు కారం రాసినట్టు తగిలింది. అతని జీపు మలుపు తిరగగానే మేనత్తని పక్కకి పిలిచాను.

"రూలు ప్రకారం పెద్దవాళ్ళు పక్కనుంటే పిల్ల బోటు నడపొచ్చు కదా?"

"నడపొచ్చు. నడిపే అర్హత ఉన్న పెద్దవాళ్ళు ఉండాలి. నాకుంది."

"సాయంత్రం నాలుగున్నర దాటాక పిల్లని నీళ్ళ మీదకి తీసుకెళ్ళండి. ఆ బోటు ఏ దిక్కు నుంచి వచ్చిందో చూపించమనండి. అక్కడికి వెళ్తే తాడు సంగతి కూడా గుర్తొస్తుంది. అయిదింటికి నేనొస్తాను. ఇన్‌స్పెక్టరుకు చెప్పకండి."

"మీరెలా అంటే అలాగే," అంది ఆవిడ. ఇన్‌స్పెక్టరు ముందు నిలబెట్టడానికి నాకో సాక్షి దొరుకుతుందని నేను మహా సంబరపడ్డాను.

రెండింటికి షెడ్డుకి వెళ్ళాను. ఏడో నంబరు బోటుని పట్టాల మీదికి ఎక్కించి చుట్టూ పోలీసు తాడు కట్టారు. ముందు భాగం నొక్కుకుపోయింది, అందులో తెడ్డు పడవ ఎర్ర రంగు అంటుకుని ఉంది. షెడ్డులో మెకానిక్ ఒక్కడే ఉన్నాడు. నన్ను చూసి స్పానరు కింద పెట్టాడు.

నేను స్టీరింగు దగ్గర కూర్చున్నాను. కుడిచేతి పక్క గేరు లివరు. దాని మెడ దగ్గర బూడిదరంగు పెయింటు వలయంలా అరిగిపోయి లోపలి ఇనుము మెరుస్తోంది. భూతద్దం తీసి తాడు కొక్కెం చూశాను. దాని పళ్ళలో బూడిదరంగు పొడి ఇరుక్కుని ఉంది.

"ఎవరో ఈ కొక్కేన్ని చేతికి కాక లివరుకి తగిలిస్తున్నారు," అన్నాను.

మెకానిక్ వంగి చూసి నాలిక కరుచుకున్నాడు. "ఇది ఒక్క రోజు అరుగుడు కాదండీ. నెలల తరబడి తగిలిస్తే గానీ ఇంత అరగదు."

"అలా ఎందుకు చేస్తారు?"

"చేతికి కట్టుకుంటే కదల్లేం కదండీ, చిరాకు. ఇలా తగిలిస్తే బోటంతా తిరగొచ్చు. కానీ ట్రైనరు గారు చూశారంటే అయిపోయిందే. పరీక్షలో అలా చేసినవాళ్ళని అక్కడికక్కడే దింపేసేవారు. ఇంక మార్కులూ గీర్కులూ లేవు, తప్పినట్టే."

"ఈ బోటు ఎవరెవరు నడుపుతారు?"

గోడకి వేలాడే రిజిస్టరు తీసి ఇచ్చాడు. ఏడో నంబరు అద్దెకిచ్చే బోటు కాదు. ఆరు నెలల నుంచీ దాన్ని తీసింది ముగ్గురే. ట్రైనరు, పిల్ల తండ్రి, మేనత్త. మొదటి ఇద్దరి పేర్లకి ఎదురుగా సర్టిఫికెట్ నంబర్లున్నాయి. మేనత్త పేరుకి ఎదురుగా 'మినహాయింపు' అని ఉంది.

"ఈ మినహాయింపు ఏమిటి?"

"సర్టిఫికెట్ చట్టం వచ్చి పదహారేళ్ళయిందండీ. అది వచ్చిన రోజుకి ముప్పై నిండినవాళ్ళకి పరీక్ష అక్కర్లేదన్నారు. పాతవాళ్ళు కదా, చెయ్యి తిరిగినవాళ్ళని. మేడమ్ గారికి నలభై ఏడు. కాగితం ఫైల్లో ఉంది."

కాగితం చూశాను. నలభై ఏడనే ఉంది, ముద్ర కూడా ఉంది. అనుమానం రాలేదా అంటే వచ్చింది. కానీ మేనకోడలి కోసం పరుగెత్తుకొచ్చి డిటెక్టివ్‌ని పెట్టుకున్న మనిషిని అనుమానించడానికి మనసొప్పలేదు. అంతకన్నా నిజం చెప్పాలంటే, నా మనసంతా ఇన్‌స్పెక్టరు ముఖం మీద ఉంది. ఈ అరుగుదల చూపిస్తే ఆ ముఖం ఎలా వాడిపోతుందో ఊహించుకుంటున్నాను.

తలచుకున్నంతలోనే వచ్చాడు. మెకానిక్ మెల్లగా బయటికి జారుకున్నాడు. "నా తాడు దాటి లోపలికి ఎవరు రమ్మన్నారు?"

"చూడు," అని లివరు చూపించాను. "బోటు ఖాళీగానే వచ్చింది. తాడు దీనికి తగిలించి వదిలేశారు. పిల్ల చెప్పింది అక్షరాలా నిజం."

అతను వంగి చాలాసేపు చూశాడు. "అరుగుదల మీద తేదీ ఉండదక్కా. పిల్లే తాడు లివరుకి తగిలించి నడిపింది, గుద్దాక భయపడి చేతికి కట్టుకుంది. అలా ఎందుకు కాకూడదు?"

"పుస్తకం కంఠతా పట్టిన పిల్ల అది!"

"కంఠతా పట్టినవాళ్ళు తప్పులు చెయ్యరా?"

"నువ్వు పట్టిన కుందేలుకి ఎప్పుడూ మూడే కాళ్ళు. పతకాలు పెరిగేకొద్దీ నీకు చూపు తగ్గుతోంది."

అతనికి కోపం రాలేదు. అదే నాకు మరీ మంట. "సరే, ఖాళీగా వచ్చిందనే అనుకుందాం," అన్నాడు. "ట్రైనరు పడవని గుద్దింది సరస్సు మధ్యలో. దొరికింది తుంగలో. మరి నడిపిన మనిషి ఎక్కడ దిగినట్టు? ఆ దారిలో కాలు పెట్టగల చోటు, బోట్లకి పెట్రోలు పోసే జెట్టీ ఒక్కటే. అక్కడ దిగిన మనిషిని ఎవరైనా చూశారా? అది తేల్చి అప్పుడు రా."

ఆ ప్రశ్న నేను అడగాల్సింది. పొద్దుటి నుంచీ నాకు తట్టలేదు, అతనికి రెండు నిమిషాల్లో తట్టింది. బయటికొచ్చి, షెడ్డు వెనక నల్లా దగ్గర ముఖం కడుక్కున్నాను.

నాలుగూ ఇరవై అయిదుకి స్టేషన్‌కి చేరాను. లాకప్పులో పిల్ల తండ్రి కటకటాలకి ముఖం ఆనించి నిలబడ్డాడు. నలభై నాలుగేళ్ళ మనిషి, ఒక్క రోజులో అరవై ఏళ్ళవాడిలా ఉన్నాడు.

"తాళాలు మేకుకే ఉంటాయండీ, ఎప్పుడూ అంతే. నిన్న పొద్దున్న ఆరింటికి నేను ఊళ్ళో పెట్రోలు బంకులో డబ్బాలు నింపిస్తున్నాను. మా బాతు మీద ఈ కేసు నిలిచిందంటే దానికి జన్మలో సర్టిఫికెట్ ఇవ్వరు. నీళ్ళు తప్ప దానికింకో ధ్యాస లేదు. నన్ను ఎన్నాళ్ళయినా ఉంచుకోమనండి, దాన్ని మాత్రం బయటపడెయ్యండి." కళ్ళు తుడుచుకున్నాడు. "అదిప్పుడు ఎక్కడుంది?"

"భయం లేదు. మీ అక్కగారి దగ్గరే ఉంది."

"నాకు అక్క ఎక్కడిదండీ? అది మా చెల్లి. నాకన్నా మూడేళ్ళు చిన్నది."

నేను కటకటాలు పట్టుకున్నాను.

"అందరూ అక్కనే అనుకుంటారు లెండి," అన్నాడు అతను. "జుట్టు తొందరగా నెరిసింది. పెత్తనం కూడా దానిదే కదా."

నలభై ఒకటి. చట్టం వచ్చిన రోజుకి ఆవిడకి పాతికేళ్ళు. వయసు తగ్గించి రాసుకున్నవాళ్ళని చాలామందిని చూశాను. ఆరేళ్ళు పెంచి రాసుకున్న మనిషిని చూడడం ఇదే మొదలు.

"మీ చెల్లెలు సర్టిఫికెట్ పరీక్షకి వెళ్ళిందా ఎప్పుడైనా?"

"మూడుసార్లు. మూడుసార్లూ నీళ్ళ మీద పరీక్షలోనే పోయింది. తాడు చేతికి కట్టుకోవడం దానికి నామోషీ. నేనేమైనా పసిపిల్లనా అనేది. అవన్నీ వేరే చోట రాసింది, ఈ క్లబ్బు మేం తీసుకోకముందు. తర్వాత ఏదో మినహాయింపు కాగితం తెచ్చుకుంది. అడిగితే కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందని నేనూ అడగలేదు."

"ట్రైనరుకి ఈ సంగతి తెలుసా?"

"తెలీదు. కానీ లైసెన్సు కొత్తది చేయించాలి, అందరి వయసు కాగితాలూ ఆఫీసుకి పంపాలని వారం నుంచీ దాని వెంటపడుతున్నాడు. ఇస్తా ఇస్తా అంటోంది." అతను ఆగాడు. "ఎందుకండీ అవన్నీ?"

"పిల్ల గురించి ట్రైనరు ఏమనేవాడు?"

"అబ్బో, ఏమనేవాడా! ఈ సరస్సు మీద ఇంత శుద్ధమైన చెయ్యి చూడలేదనేవాడు. పదహారు నిండగానే పెద్ద బోట్ల ట్రిప్పులన్నీ దానికే అప్పజెబుదామన్నాడు. పోయిన ఆదివారం అందరి ముందూ అన్నాడు. అప్పటిదాకా ఆ ట్రిప్పులు మా చెల్లివే కదా. పాపం, ఆ రోజు అది అన్నం ముట్టలేదు."

ఆ మాట ఇంకొకరు వింటే తలనొప్పేమో అనుకుంటారు. అన్నం ఎందుకు సహించదో నాకు తెలుసు. మూడుసార్లు తప్పిన చోట, నిన్నగాక మొన్న పుట్టిన పిల్ల మొదటిసారే గట్టెక్కబోతుంటే చూడడం ఎలా ఉంటుందో, ఆ చూసే కళ్ళు ఎలా మండుతాయో నాకు తెలుసు. తెలిసి కూడా పొద్దున్న పిల్ల తల నిమిరిన ఆ చేతిని నేను పోల్చుకోలేదు.

"పెట్రోలు జెట్టీ మెట్లెక్కితే ఏమొస్తుంది?"

"చెల్లి క్వార్టరు. వెనక గుమ్మం."

వయసు కాగితాలు ఆఫీసుకి చేరకముందే ట్రైనరుని గుద్ది, ఆ జెట్టీ మీద దిగి, బోటుని ఖాళీగా వదిలేసి ఆవిడ ఆ మెట్లెక్కింది. నన్నెందుకు పెట్టుకుందో కూడా అప్పుడే అర్థమైంది. ఇన్‌స్పెక్టరంటే నాకు పడదని ఊరందరికీ తెలుసు. అతను అటంటే నేను ఇటంటాను. మేమిద్దరం కొట్టుకుంటుంటే నెరిసిన జుట్టు మేనత్త వైపు చూసేదెవరు? పైగా డిటెక్టివ్‌ని పెట్టుకున్న మనిషి మీద ఎవరికీ అనుమానం రాదు. ఇంక ఆవిడకి భయం ఒక్కటే. తాడు దేన్నుంచి తీసిందో పిల్లకి గుర్తు రాకూడదు. లివరు నుంచి తీశానని పిల్ల అన్న మరుక్షణం, ఆ బోటుని అలా నడిపేదెవరని అడుగుతారు.

నీళ్ళ మీదకి వెళ్తే అది గుర్తొస్తుందని ఆవిడకి చెప్పింది నేను.

గోడ గడియారం నాలుగూ ముప్పై ఎనిమిది చూపిస్తోంది. మేనత్తకి ఫోను చేశాను. మోగింది, ఎత్తలేదు. కారు తీశాను. ఇన్‌స్పెక్టరుకు అప్పుడే చెప్పాల్సింది. అతను క్లబ్బు పక్కనే ఎక్కడో ఉండి ఉంటాడు, చెప్తే రెండు నిమిషాల్లో క్లబ్బు జెట్టీ మీద ఉండేవాడు. ఫోను చేతిలోకి తీసుకుని కూడా మళ్ళీ పక్క సీట్లో పడేశాను. ముందు నేను చేరుకోవాలి, నేనే పట్టుకోవాలి. పద్నాలుగు నిమిషాల దారి పొడుగునా నా తలలో ఉన్నది ఆ మాటే. ఇది రాస్తుంటే సిగ్గుగా ఉంది.

క్లబ్బు జెట్టీ చేరేసరికి నాలుగూ యాభై రెండు. కట్టు కొయ్యల దగ్గర ఒక బోటు ఖాళీ అయింది. దాని తాడు నీళ్ళలో నానుతోంది. బల్ల మీద రిజిస్టరు తెరిచి ఉంది, సిరా ఇంకా తాజాగా ఉంది. ముచ్చటైన గుండ్రటి అక్షరాలు, పిల్ల రాసినవే. పక్కన ఉన్న పెద్దవారు ఎవరు అన్నచోట అత్త అని రాసింది. పెద్దవారి అర్హత అన్నచోట మినహాయింపు అని రాసింది. బయల్దేరిన సమయం నాలుగూ నలభై. ఒక్క గడి కూడా ఖాళీ వదల్లేదు, రూలంటే అంత భక్తి ఆ పిల్లకి.

సరస్సు వైపు చూశాను. కొండ మలుపు దాకా ఒక్క బోటూ లేదు.

మెకానిక్ షెడ్డు గుమ్మంలోంచి కేకేశాడు. "మలుపు అవతలికి వెళ్ళారండీ! మీరే రమ్మన్నారట కదా!"

"ఇంకో బోటుందా? నడపగలవా?"

"నాకు సర్టిఫికెట్ లేదండీ. బాగుచెయ్యడమే వచ్చు, నడపడం రాదు."

నాకూ రాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అప్పుడు ఇన్‌స్పెక్టరుకు ఫోను చేశాను. ఒక్క మోతకే ఎత్తాడు. చెల్లెలి వయసు, మినహాయింపు కాగితం, పెట్రోలు జెట్టీ మెట్లు, అన్నీ గుక్క తిప్పుకోకుండా చెప్పాను. అవతల జీపు స్టార్టయిన చప్పుడు, పోలీసు బోటు సిద్ధం చెయ్యమని ఎవరికో అరిచిన కేక వినిపించాయి.

"ఇప్పుడు పిల్ల ఎక్కడ?"

"ఆవిడతో. నీళ్ళ మీద. వెళ్ళి పన్నెండు నిమిషాలు దాటింది."

"నీళ్ళ దగ్గరికి రానివ్వద్దని నేను చెప్పే పంపాను కదక్కా. ఎవరు పంపారు?"

అబద్ధం ఆడొచ్చు. ఆవిడే తీసుకెళ్ళిందంటే నమ్ముతాడు. మలుపు వైపు చూస్తూ నిలబడ్డాను.

"నేను పంపాను," అన్నాను. "నువ్వు వద్దన్నావు కాబట్టే పంపాను."